కృష్ణానగర్: తెర మీద ఎవరి ముఖం

తెలుగు సినిమాకు పెట్టుబడి ఎక్కువగా భూమి నుంచే వచ్చింది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వ్యవసాయంలో మిగిలిన డబ్బును భూస్వామ్య కుటుంబాలు, ముఖ్యంగా కమ్మ కుటుంబాలు, మద్రాసు స్టూడియోలకూ ఆంధ్ర జిల్లాల సినిమా హాళ్లకూ మళ్లించాయి. 1938లో గూడవల్లి రామబ్రహ్మం సారథి సంస్థ పేరుతో తీసిన 'మాలపిల్ల'కు డబ్బు పెట్టింది చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాద్. అంటరానితనాన్ని నిలదీసిన సాహసం అది. అయినా ఆ దళిత కథ రాసింది, తీసింది, డబ్బు పెట్టింది దళితేతరులే. మరుసటి ఏడు వచ్చిన 'రైతుబిడ్డ' జమీందారీని విమర్శిస్తే జమీందారులు ఎదురుతిరిగారు, కొన్ని చోట్ల సినిమా నిషేధానికి గురైంది.

1950ల చివరికి అదే సారథి పేరుతో హైదరాబాద్‌ అమీర్‌పేటలో స్టూడియో వెలిసింది. 1976లో బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియోస్, 1996లో ఊరి బయట రామోజీ ఫిల్మ్ సిటీ వచ్చాయి. పరిశ్రమ మద్రాసు వదిలి వచ్చేసరికి లైట్‌బాయ్‌లు, మేకప్ సహాయకులు, డ్యాన్సర్లు, జూనియర్ ఆర్టిస్టులు స్టూడియోలకు దగ్గరగా, తక్కువ అద్దెకు ఇల్లు దొరికే కృష్ణానగర్‌లో స్థిరపడ్డారు.

ఇక్కడ రోజు తెల్లవారకముందే మొదలవుతుంది. జూనియర్ ఆర్టిస్టులను షూటింగులకు పంపే కోఆర్డినేటరు ఫోన్ చేసి ఎంతమంది కావాలో, ఎలాంటివాళ్లు కావాలో చెబుతాడు. పెళ్లి, పార్టీ సీనుకు తెల్లగా ఉన్నవాళ్లు. కూలీల గుంపుకు, రౌడీల గుంపుకు నల్లగా ఉన్నవాళ్లు. వ్యాన్ ఎక్కే దగ్గరే మనిషి ఒంటి రంగు అతని పాత్రను తేల్చేస్తుంది. వచ్చిన కూలీలో కోఆర్డినేటరు కమీషన్ పోతుంది. ఇంత పచ్చిగా రంగు చూసి పని ఇవ్వడం అన్యాయం. అలవాటైపోయినంత మాత్రాన అది న్యాయం కాదు.

హీరోయిన్ల ఎంపికలోనూ ఇదే చూపు. తెలుగమ్మాయిల కంటే ముంబయి నుంచి వచ్చే తెల్లని ముఖాలకే మార్కెట్ ఉందన్న నమ్మకం నిర్మాతల్లో పాతుకుపోయింది. హీరో విషయంలో మార్కెట్ లెక్క ఇంకా గట్టిది. నైజాం, సీడెడ్, ఆంధ్ర పంపిణీ ఏరియాల బయ్యర్లు హీరో పేరు చూసి అడ్వాన్సులిస్తారు; ఆ అడ్వాన్సులు, వడ్డీకి తెచ్చిన అప్పులే సినిమాను నడిపిస్తాయి. అందుకే కొత్తవాడి మీద డబ్బు పెట్టేవారు తక్కువ, హీరో కొడుకుకు దారి సులువు.

2018 ఏప్రిల్‌లో నటి శ్రీరెడ్డి ఫిల్మ్ చాంబర్ ముందు అర్ధనగ్నంగా నిరసన తెలిపి, అవకాశాల పేరుతో జరిగే లైంగిక దోపిడీనీ, తెలుగమ్మాయిలకు పాత్రలు దక్కకపోవడాన్నీ బయటపెట్టారు. మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్ మొదట ఆమె మీద నిషేధం విధించి, కొద్ది రోజుల్లోనే ఎత్తేసింది. మరుసటి ఏడు తెలంగాణ ప్రభుత్వం ఈ దోపిడీపై కమిటీ వేసింది. కేరళ సినీరంగంలో మహిళల పరిస్థితిపై హేమ కమిటీ ఇచ్చిన నివేదిక 2024లో వెలుగు చూశాక, ఇక్కడి నివేదికనూ బయటపెట్టాలని సమంత లాంటి తారలు కోరారు.

కార్మికుల పోరు ఇంకా పాతది. నటుడు ఎం.ప్రభాకర్‌రెడ్డి చొరవతో సినీ కార్మికుల గృహనిర్మాణ సంఘం ఏర్పడింది. ఆ సంఘం చేపట్టిన 67 ఎకరాల చిత్రపురి కాలనీ ఆయన పేరు మీదే ఉంది. 2025 ఆగస్టులో 24 క్రాఫ్టుల సినీ కార్మికుల ఫెడరేషన్ 30 శాతం వేతన పెంపు కోరుతూ షూటింగులు ఆపింది. 18 రోజుల తర్వాత, మూడేళ్లలో 22.5 శాతం వరకు పెంచేలా ఒప్పందం కుదిరింది. అది యూనియన్ కార్డు ఉన్నవారికి వర్తించే లెక్క. కార్డు ఫీజు కట్టలేక బయటి నుంచి వచ్చి నిలబడేవారి కూలీ ఎంతో కోఆర్డినేటరే చెబుతాడు.