టెస్ట్ ట్యూబ్ బిడ్డ ఆరోగ్యం: ఇంటి పెద్దలతో నాలుగు మాటలు



రుద్రూర్, వర్ని, కోటగిరి, బోధన్ ఊళ్ళ నుండి పిల్లల కోసం తిరిగే దంపతుల వెంట అత్తమ్మనో, అమ్మనో వస్తుంటారు. కోడలు లేనప్పుడు మెల్లగా అడుగుతారు: "సిస్టర్, ఆ పద్ధతిలో పుట్టిన పిల్లలు మామూలుగానే ఉంటారా?"

ఎక్కువ మంది మామూలుగానే ఉంటారు. బిడ్డ సీసాలో పెరగదు. అండం, వీర్యకణం ల్యాబులో కలుస్తాయి. పిండాన్ని మూడు నుండి అయిదు రోజులకు తల్లి గర్భసంచిలో పెడతారు. మిగిలిన నెలలన్నీ తల్లి కడుపులోనే. 1978 జూలైలో ఇంగ్లండులో లూయీ బ్రౌన్, అదే సంవత్సరం అక్టోబర్ 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ కృషితో దుర్గ పుట్టారు. లూయీ పెద్దదై, ఏ చికిత్సా లేకుండానే తల్లి అయింది.

అయితే ఒక మాట దాచకూడదు. అవయవ లోపాలు మామూలు కాన్పులలో కంటే ఈ పద్ధతిలో కొద్దిగా ఎక్కువ. అందుకే అయిదో నెలలో టిఫా స్కాన్, బిడ్డ గుండె స్కాన్ తప్పించవద్దు. తండ్రికి వీర్యకణాలు చాలా తక్కువగా ఉండటానికి జన్యులోపం కారణమైతే, అది కొడుక్కి కూడా రావచ్చు. ముందే డాక్టరును అడగండి.

అసలు ప్రమాదం ఎక్కువగా కవలలతో వస్తుంది. "రెండు మూడు పెట్టండి సార్, ఒక్కసారికే అయిపోతుంది" అని డాక్టరును ఒత్తిడి చేసేది చాలాసార్లు మనమే. ముచ్చెలు మరీ దట్టంగా నాటితే గడ సన్నబడుతుందని చెరకు రైతులకు నేను చెప్పాలా? కవలలు తరచుగా నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుడతారు. ఊపిరి అందదు, పాలు తాగలేరు, రోజుల తరబడి పెట్టెలో ఉండాలి. ఆ ఖర్చు, ఆ దిగులు మీకే. తల్లికి కూడా బి.పి., రక్తస్రావం భయం ఎక్కువ. ఒక్క పిండం చాలునా అని మీరే అడగండి.

2019 సెప్టెంబర్‌లో గుంటూరులో డెబ్బై దాటిన తల్లికి దాత అండాలతో కవల ఆడపిల్లలు పుట్టారు. పేపర్లన్నీ రాశాయి. నాకు మాత్రం ఆ పిల్లల్ని బడికి ఎవరు తీసుకెళ్తారన్న ఆలోచనే వచ్చింది. 2021 చట్టం ప్రకారం ఈ చికిత్సకు స్త్రీకి 50, పురుషునికి 55 ఏళ్ళ లోపు ఉండాలి. సెంటరుకు రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. మగబిడ్డ కావాలని అడగటం నేరం. దాత అండంతో పుట్టినా ఆ బిడ్డ చట్టప్రకారం మీ బిడ్డే, ఆస్తిలో హక్కుతో సహా. "ఇంజక్షన్ బిడ్డ" అనే మాట ఇంట్లో ఎవరి నోటా రానివ్వకండి.

బరువు తక్కువ బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి, ఒంటికి ఒళ్ళు తగిలేలా పడుకోబెట్టుకోవాలి. తల్లి అలసిపోతే తండ్రి, నాయనమ్మ కూడా అలా పెట్టుకోవచ్చు. తల్లిపాలే పట్టాలి, తేనె నాకించవద్దు. టీకాలు పుట్టిన తేదీ లెక్కనే వేయించాలి.

కాన్పుకు వచ్చేటప్పుడు సెంటర్ వాళ్ళు ఇచ్చిన ఫైలు తప్పక తెండి. సిగ్గుపడి ఇంట్లో దాచి రావద్దు. పిండం ఏ రోజు పెట్టారో అందులో ఉంటే, నెలలు సరిగ్గా లెక్క కట్టగలం.