చేను దాటిన నీరు కూడా అమానతే

సకల స్తోత్రాలు అల్లాహ్‌కే. నీటినుండి ప్రాణికోటికి జీవం పోసిన ఆ ప్రభువునే మనం కీర్తిస్తున్నాము, ఆయన సహాయాన్నే అర్థిస్తున్నాము. ఆయన ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైన, వారి కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి శుభాలు కురియుగాక!

ధార్మిక సోదరులారా!

ఈ నమాజుకు ముందు మనమందరం వుజూ చేశాము. ఆ నీటిని గురించే నేడు కొంత ఆలోచిద్దాము. మన పలివెల గౌతమీ వసిష్ఠల నడుమనున్న సీమలోనిది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటినుండి గోదావరి జలం కాలువల ద్వారా ఈ సీమ చేలకు అందుతున్నది. అయితే చేను తడిపిన నీరు అక్కడే ఆగిపోదు. కొంత నేలలోకి ఇంకి బావులకు, బోర్లకు చేరుతుంది. కొంత మడవ దాటి, మురుగు కాలువ పట్టి, దిగువ ఊళ్ల మీదుగా సముద్రానికి సాగుతుంది. మనం చల్లిన యూరియాలో, కొట్టిన పురుగుమందులో కొంత భాగం దానితోపాటే పోతుంది.

ప్రవహించే నది ఒడ్డున ఉన్నప్పటికీ వుజూలో నీటిని వృథా చేయరాదని దైవప్రవక్త (స) హెచ్చరించినట్లు ఉల్లేఖనం ఉన్నది. జనులు నీటికి వచ్చే చోట్లను మలినపరచడం శాపానికి గురిచేసే పని అని కూడా వారు బోధించారు. రేవులో చేసిన మలినం కంటికి కనబడుతుంది. చేనినుండి పోయే మలినం కనబడదు. యూరియానుండి పుట్టే నైట్రేట్‌కు రంగు లేదు, వాసన లేదు. నీటిని కాచినా అది పోదు. త్రాగునీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదని భారత ప్రమాణం. మించితే ఎక్కువ ప్రమాదం నెలల పసిబిడ్డలకే. పొరుగింటి బిడ్డ పాలడబ్బాలో కలిసే నీటికి మన చేను కారణమైతే, రేపు ప్రళయదినాన ఏమని సమాధానం చెప్పగలము?

సోదరులారా! అలాగని మేము మింబర్ మీదనుండి ఎరువు మోతాదులు నిర్ణయించబోవడం లేదు. ఈ విషయంలో ప్రవక్త (స) జీవితంలోనే మనకు మార్గదర్శనం ఉన్నది. మదీనా వాసులు ఖర్జూరపు చెట్లకు పరాగం పట్టించడం చూసి, అది అవసరం లేదేమోనని వారు అన్నారు. జనులు మానివేశారు, ఆ ఏడు కాపు తగ్గింది. ఆ సంగతి తెలిసినప్పుడు, ప్రాపంచిక వృత్తి విషయాలు ఆ వృత్తివారికే బాగా తెలుసునని వారు స్పష్టం చేశారు. ఎంతటి వినయం! చేనికి సంబంధించిన మాట చేనిలోనే తేలాలని ఇందులో మనకు పాఠం ఉన్నది.

శాస్త్రజ్ఞులు కూడా ఈ మార్గాన్నే అనుసరిస్తున్నారు. 2003 సార్వాలో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు శ్రీ వరి సాగును పరిశోధనా క్షేత్రాలకే పరిమితం చేయక, రాష్ట్రంలోని 22 జిల్లాలలో రైతుల పొలాలలోనే పాత పద్ధతి పక్కన పెట్టి పోల్చి చూశారు. నేల మారితే ఫలితం మారుతుంది. నీరు పొదుపు చేసే ఆరుతడి పద్ధతి దాళ్వాలో వంతుల వారీ నీటికి మేలు చేయవచ్చు. అదే పద్ధతి సముద్రపు దాపున ఉప్పు నేలలో చేటు కావచ్చు.

కనుక పొలమంతా మార్చనవసరం లేదు. పది సెంట్లు చాలు. ఒకే చేనిని మధ్య గట్టు వేసి రెండుగా చేయండి. విత్తనం, నాటిన రోజు రెండింట ఒకటే ఉండాలి. ఒక్క విషయం మాత్రమే మార్చండి. అడుగుభాగాన బెజ్జాలు పెట్టిన గొట్టాన్ని చేనిలో పాతి, నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్లు దిగువకు పోయినప్పుడే మళ్లీ తడి పెట్టండి. పూత దశలో మాత్రం చేను ఆరనీయకండి. లేదా ఆకు రంగు పట్టికతో చూసి, పైరు అడిగినప్పుడే యూరియా వేసి, వేసిన తరువాత కొన్నాళ్లు మడవ కట్టి ఉంచండి. రెండు భాగాల ఖర్చు, దిగుబడి వేరువేరుగా వ్రాసుకోండి. బోరు నీటిని పంటకు ముందొకసారి, తరువాత ఒకసారి పరీక్ష చేయించండి. ఒక్క పంట చూసి తీర్పు చెప్పకండి. ఫలితం చెడ్డదైనా దాచకండి, సాక్ష్యాన్ని దాచడం పాపం.

ఇక చివరి మాట భూమి గల సోదరులకు. 2011 సార్వాలో కోనసీమ రైతులు గిట్టుబాటు కాక నాట్లు వేయకుండా పంట విరామం పాటించడం మీరు మరువలేదు. అటువంటి చోట కౌలు రైతును ఒంటరిగా ప్రయోగం చేయమనడం న్యాయం కాదు. ఆ పది సెంట్లలో దిగుబడి తగ్గితే ఆ మేరకు కౌలు వదలుకోండి. నీరు బాగుపడితే అందరూ త్రాగుతారు, నష్టం వస్తే ఒక్కడే భరించాలా?

ఓ అల్లాహ్! మా నీటిని శుభ్రంగా ఉంచు. మా చేలలో శుభాన్ని ప్రసాదించు. మా వలన పొరుగువారికి, వారు ఏ మతస్థులైనా, హాని కలుగకుండా కాపాడు. తెలియనిది పరీక్షించి తెలుసుకునే వివేకాన్ని, తెలిసినది ఆచరించే ధైర్యాన్ని మాకు అనుగ్రహించు. ఆమీన్.