తట్టు వచ్చిన బిడ్డకు "ఎ" విటమిన్

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. అది పెద్ద విషయం గనుక అందులో ఒక్క సంగతే తీసుకొంటాను. మన ఇళ్ళలో ఖస్రా అనీ, తెలుగులో తట్టు అనీ పిలిచే జబ్బు సంగతి.

తట్టు వైరస్ వల్ల వస్తుంది. మొదట జ్వరం, దగ్గు, జలుబు, కళ్ళెర్రబడటం. మూడు నాలుగు రోజులకు ముఖం మీద మొదలై ఒళ్ళంతా దద్దుర్లు. ఒకే వీధిలో ఇద్దరు పిల్లలకు యీ జబ్బు వస్తుంది. ఒకడు పది రోజుల్లో లేచి ఆడుకొంటాడు. ఇంకొకడికి న్యుమోనియా వస్తుంది, విరేచనాలు పట్టుకొంటాయి, చూపు పోతుంది, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. జబ్బు ఒకటే గదా, మరి యీ తేడా ఎందుకు?

దానికి కారణాలు చాలా వున్నాయి. వాటిలో ముఖ్యమైనది ఒంట్లో "ఎ" విటమిన్ తక్కువగా వుండటం. కన్ను, గొంతు, ఊపిరితిత్తులు, పేగులు, వీటి పొరలను కాపాడేది యీ విటమినే. తట్టు దెబ్బ తీసేదీ ఆ పొరలనే. పైగా జబ్బులో వున్న కాస్త విటమినూ త్వరగా ఖర్చయిపోతుంది. అప్పటికే రేచీకటి వున్న బిడ్డకైతే ప్రమాదం మరీ ఎక్కువ.

ఇది ఊహించి చెప్పే మాట కాదు. 1932లో లండన్‌లో ఎల్లిసన్ అనే డాక్టరు తట్టు వచ్చిన 600 మంది పిల్లల్లో సగం మందికి "ఎ" విటమిన్ ఎక్కువగా వున్న మందు ఇచ్చాడు. ఇచ్చిన 300 మందిలో 11 మంది, ఇవ్వని 300 మందిలో 26 మంది చనిపోయారు. ఆ సంగతిని లోకం చాలాకాలం మరచిపోయింది. మన ముస్లిములే ఎక్కువగా వుండే ఇండోనేషియాలోని ఆచే ప్రాంతంలో ఆల్‌ఫ్రెడ్ సోమర్ బృందం 450 గ్రామాల్లో పరిశీలన చేసి, 1986లో ఫలితాలు ప్రకటించింది. విటమిన్ ఇచ్చిన గ్రామాల్లో పిల్లల మరణాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. 1990లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నుంచి మరో ఫలితం వచ్చింది. తట్టు తీవ్రమై ఆస్పత్రిలో చేరిన 189 మంది పిల్లల్లో 12 మంది చనిపోతే, అందులో 10 మంది విటమిన్ అందనివారే.

మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగానే 1970లో దేశంలో పిల్లలకు "ఎ" విటమిన్ ఇచ్చే కార్యక్రమం మొదలయింది.

ఇక మనం చేయవలసింది చెబుతాను. బిడ్డకు 9 నెలలు నిండగానే తట్టు టీకా వేయించండి. 16 నుంచి 24 నెలల మధ్య రెండవది. విటమిన్ ఎంత ఇచ్చినా టీకాకు బదులు కాదు. మొదటి టీకాతోపాటు లక్ష యూనిట్ల విటమిన్ ద్రావణం, తరువాత అయిదేళ్ళు వచ్చేదాకా ఆరు నెలలకొకసారి రెండు లక్షల యూనిట్లు పోస్తారు. దీనికి ఖర్చేమీ లేదు.

తట్టు వస్తే ఆలస్యం చేయక డాక్టరుకు చూపించండి. బిడ్డ వయస్సును బట్టి వరుసగా రెండు రోజులు విటమిన్ ఇస్తారు. మీకై మీరు సీసా కొని పోయవద్దు, ఎక్కువైతే విషమిస్తుంది. ఎగశ్వాస వచ్చినా, బిడ్డ పాలు తాగకపోయినా, కంటిపాప మసకబారినా వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి.

అమ్మలకు ఒక మనవి. తట్టు వచ్చిందని తాలింపు మాని, గుడ్డు మాని, వట్టి గంజితో బిడ్డను పడుకోబెట్టే అలవాటు యింకా కొన్ని ఇళ్ళలో వుంది. జబ్బుతో పోరాడే బిడ్డకు పస్తు పెట్టడం ఏం న్యాయం? తల్లిపాలు ఆపకండి. కాస్త పెద్ద పిల్లలకు గుడ్డు, మెత్తగా వండిన కలేజీ, మునగాకు, తోటకూర, బొప్పాయి, మామిడిపండు పెట్టండి. ఆకుకూరలో నాలుగు చుక్కల నూనె వెయ్యండి, అప్పుడే ఆ విటమిన్ ఒంటికి పడుతుంది.

చికిత్స చేయించుకోమని మన ప్రవక్త (స) చెప్పారు. షిఫా ఇచ్చేవాడు అల్లాహ్. ప్రయత్నం మాత్రం మనది. ఇంటికి వెళ్ళగానే మీ పిల్లల టీకా కార్డు ఒకసారి తీసి చూడండి. మీ పొరుగింటి బిడ్డ సంగతీ అడగండి. ఇంతకంటే నేను కోరేది లేదు.

ఖుదా హాఫిజ్.