అంగీ మీద ఎవరి పేరు?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో మమ్మల్ని చదువు గురించో, కట్నాల గురించో మాట్లాడమనేవారు. ఈసారి కార్యదర్శిగారు "మీ ఇష్టం మాస్టారూ" అన్నారు. ఇష్టమన్నారు గనుక ఫుట్ బాల్ గురించి మాట్లాడబోతున్నాము. ముందు వరుసలో కొందరు పెద్దలు నవ్వుతున్నారు. నవ్వండి, పరవాలేదు. హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్ కూడా మావంటి బడిపంతులే. 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఏషియన్ గేమ్స్ బంగారు పతకం తెచ్చిన జట్లు, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్ లో నాలుగో స్థానం పొందిన జట్టు ఆయన చేతిలో తయారైనవే. కాబట్టి ఉర్దూ మీడియం పంతులుకు బంతితో ఏం పని అని ఎవరూ అనరన్న ధైర్యం మాకున్నది.

అసలు విషయానికి వస్తాము. డ్రిల్లు పీరియడుకు మా పిల్లలు రంగురంగుల జెర్సీలు వేసుకొస్తారు. బజారులో రెండు మూడు వందలకు దొరికే నకలు సరుకు. రొమ్ము మీద పెద్ద అక్షరాలతో ఒక పేరుంటుంది. అదేమిట్రా అంటే, క్లబ్బు పేరు సార్ అంటారు. క్లబ్బు పేరు కాదు, చాలా జెర్సీల మీద అది జూదం కంపెనీ పేరు. ఇందులో తమాషా ఏమిటంటే, ఇంగ్లండులో చిన్నపిల్లల సైజు జెర్సీల మీద జూదం కంపెనీల పేర్లు అచ్చువేయకూడదని ఎప్పటినుంచో నియమం ఉన్నది. అక్కడి పిల్లవాడికి ఖాళీ అంగీ దొరుకుతుంది. నకలు చేసేవాడికి ఆ నియమంతో పనిలేదు, కాబట్టి పేరు పూర్తిగా మన పిల్లవాడి గుండెల మీదికొస్తుంది. మన దేశంలో 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్ లైన్ ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. ఆ దెబ్బతో భారత క్రికెట్ జట్టు అంగీమీది పేరు కూడా పోయింది. బజారు జెర్సీల మీదివి మాత్రం పోలేదు.

ఇది పిల్లల సంగతి మాత్రమే అయితే తల్లిదండ్రుల మీటింగులో చెప్పి ఊరుకునేవాళ్ళం. మన సంఘం హాస్టలు ప్లాను కూడా బల్ల మీదికి వచ్చింది గనుక ఈ సభలో చెప్పవలసి వచ్చింది. ఒక ఫైనాన్సు కంపెనీవారు కింది హాలు మొత్తం కట్టించి ఇస్తామన్నారనీ, తమ పేరు గుమ్మం మీద పెట్టమన్నారనీ మీకందరికీ తెలిసినదే. ఆ కంపెనీ పేరు ఇక్కడ చెప్పబోము. చెడ్డవారని కూడా అనము. అయితే అంగీ మీద, గోడ మీద ఎవరి పేరు ఉండవచ్చునన్న ఈ ప్రశ్నతో నూటముప్పై ఏళ్ళకు పైగా కుస్తీ పడుతున్న క్లబ్బు ఒకటున్నది. దాని కథ మనకు పనికొస్తుంది.

ఆ క్లబ్బు పేరు ఎవర్టన్. ఇంగ్లండు లివర్ పూల్ నగరంలో అదొక పేట పేరు. 1878లో సెయింట్ డొమింగో అనే మెథడిస్టు చర్చివారు, చలికాలంలో క్రికెట్ ఉండదు గనుక కుర్రవాళ్ళకు ఆటవిడుపుగా ఈ జట్టు పెట్టారు. మరుసటి ఏడు దానికి పేట పేరు వచ్చింది. మెథడిస్టులంటే మద్యం, జూదం గిట్టని క్రైస్తవులు. ఆ రోజుల్లో అదే నగరంలో, ఎవర్టన్ పేట అంచునే, మన ముసల్మానులు తెలుసుకోదగిన మరొకాయన ఉన్నారు. ఆయన వకీలు, పేరు విలియం హెన్రీ క్విలియం. మెథడిస్టు ఇంట్లో పుట్టి, మద్యపాన నిషేధ సభల్లో ఉపన్యాసాలిస్తూ పెరిగి, మొరాకో వెళ్ళివచ్చాక 1887లో ఇస్లాం స్వీకరించి అబ్దుల్లా అయ్యారు. 1889లో బ్రౌమ్ టెర్రస్ లో ఆయన తెరిచిన మస్జిద్ ను బ్రిటనులో మొదటి మస్జిద్ గా చెప్పుకుంటారు. తాగుడు గిట్టని మనుషులు ఆ నగరంలో ఆ పూట తక్కువేమీ లేరని చెప్పడానికే ఈ ముక్క.

ఇక ఎవర్టన్ కు 1884 నుంచి ఆంఫీల్డ్ మైదానం ఉండేది. అవును, ఇప్పుడు లివర్ పూల్ క్లబ్బువారు ఆడేదే. ఆ మైదానం వ్యవహారమంతా జాన్ హోల్డింగ్ అనే బీరు వ్యాపారి చేతుల్లో ఉండేది. ఆటగాళ్ళు బట్టలు మార్చుకోవడం కూడా ఆయన బీరు అమ్మే హోటల్లోనే. మైదానంలో తినుబండారాలు, పానీయాలు అమ్మే హక్కు కూడా ఆయనదే. అద్దె 100 పౌండ్ల నుంచి 250కి పెరిగింది. తగాదా ముదిరి 1892లో క్లబ్బు మైదానం వదిలేసింది. తగాదాకు మూలం డబ్బా, రాజకీయమా, బీరా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. మా ఉద్దేశంలో మూడూ కలిసే ఉంటాయి. మనుషులు ఒక్క కారణంతో విడిపోరు. ఎదురు వర్గానికి నాయకుడు జార్జి మాహన్ ఆ సెయింట్ డొమింగో చర్చిలో ఆర్గన్ వాయించే ఆయన.

ఇప్పుడు వినండి. మైదానం వదిలినవాళ్ళకు గుడిసన్ రోడ్డు పక్కన బీడుభూమి దొరికింది. గుంటలు పూడ్చాలి, గోడలు లేవాలి, మెట్లు కట్టాలి. చేతిలో డబ్బు లేదు. కమిటీ సభ్యుడు, డాక్టర్ జేమ్స్ బాక్స్ టర్ అనే కాథలిక్కు 1,000 పౌండ్లు ఇచ్చాడు. వడ్డీ లేకుండా! మనం కర్జ్-ఎ-హసనా అంటామే, అచ్చం అదే. ఒక కాథలిక్కు డాక్టరు మెథడిస్టులు పెట్టిన క్లబ్బుకు ఇచ్చిన కర్జ్-ఎ-హసనా. ఆ గుడిసన్ పార్కులో 1892 నుంచి 2025 మే దాకా మగవాళ్ళ జట్టు ఆడింది. స్టేడియం మూలకు ఆనుకునే సెయింట్ లూక్ చర్చి. ఆట రోజుల్లో చర్చి హాల్లో అభిమానులకు టీ ఇచ్చేవారు. చనిపోయిన అభిమానులు వందలమంది చితాభస్మాన్ని గడ్డి అంచున పాతిపెట్టారు. చోటు చాలక 2004లో ఆ పని ఆపేశారు. ఇంత మమకారం ఉన్న ఊరు అది.

మరి అంగీ సంగతి? 1979లో మొదటిసారి అంగీ మీద వ్యాపార సంస్థ పేరు వచ్చింది, అది డెన్మార్కువారి డబ్బా మాంసం కంపెనీ. ఏ మాంసమో మమ్మల్ని అడగకండి! 2004 నుంచి 2017 దాకా పదమూడేళ్ళు థాయిలాండు బీరు పేరు. బీరు వ్యాపారిని వదిలి వచ్చిన క్లబ్బే, చూడండి. ఆ తర్వాత కెన్యా నుంచి వచ్చిన స్పోర్ట్ పెసా అనే పందేల కంపెనీ. ఆ ఒప్పందాన్ని 2020లో గడువుకు ముందే తెంచుకున్నారు. తెంచుకున్నప్పుడు క్లబ్బు ముఖ్య అధికారిణి, వీలైతే ఇకమీదట ఇంకోరకం స్పాన్సరు కావాలన్న అర్థంలో మాట్లాడారు. అభిమానులు సంతోషించారు. రెండేళ్ళు దాటాక, 2022లో, స్టేక్ అనే జూదం కంపెనీతో క్లబ్బు చరిత్రలోకెల్లా పెద్ద ఒప్పందం చేసుకున్నామని ప్రకటన! వద్దని 20 వేలమందికి పైగా సంతకాలు పెట్టారు. పేరు మాత్రం అంగీ మీదికి ఎక్కనే ఎక్కింది.

ఆ రెండేళ్ళలో ఏమైంది? లెక్కల పంతులం గనుక మేము ఆ చోటే ఆగి చూశాము. స్టేడియం మొదలైంది. ఇల్లు కట్టి చూడు అన్నారు మన పెద్దలు, స్టేడియం కట్టి చూడమని వాళ్ళకు చెప్పినవారు లేరు. కొత్త స్టేడియం కోసం వాళ్ళు ఇరవై ఏళ్ళు తిరిగారు. కింగ్స్ డాక్ అనేచోట కట్టాలనుకుంటే 3 కోట్ల పౌండ్ల వాటా సమకూరక 2003లో ఆ పథకం పోయింది. టెస్కో దుకాణాలవారితో కలిసి కర్క్ బీలో కట్టాలనుకుంటే 2009లో ప్రభుత్వం కాదన్నది. చివరకు మెర్సీ నది ఒడ్డున బ్రామ్లీ మూర్ అనే పాత రేవు. 2020లో ఉజ్బెక్ కోటీశ్వరుడు ఉస్మానోవ్ గారి కంపెనీ, స్టేడియానికి పేరు పెట్టే అవకాశం ముందుగా తమకే ఇవ్వాలని 3 కోట్ల పౌండ్లు ఇచ్చింది. 2021లో పునాది పడింది. అదే ఏడు యునెస్కో, రేవుల రూపు మారిపోతున్నదని, అందుకు ఈ స్టేడియం కూడా ఒక కారణమని చెప్పి, లివర్ పూల్ ను వారసత్వ పట్టిక నుంచి తీసేసింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం వచ్చి ఉస్మానోవ్ గారి మీద ఆంక్షలు పడ్డాయి, ఆ ఒప్పందం ఆగిపోయింది. సగం గోడలు లేచి ఉన్నాయి, మేస్త్రీకి జీతం ఇవ్వాలి, నష్టాలు పేరుకున్నాయి. అదే వేసవిలో జూదం కంపెనీ తలుపు తట్టింది. నష్టాల లెక్క మితిమీరిందని తర్వాత 2023-24 సీజనులో రెండుసార్లు పాయింట్లు కూడా కోసేశారు.

ఇందులో ఎవరినీ దుర్మార్గులని మేము అనడం లేదు. సగం కట్టిన గోడ ముందు నిలబడ్డవాడితో నియమాలు మాట్లాడి లాభం లేదు, అంతే.

స్టేక్ వారికి 2025లో మరో చిక్కు వచ్చింది. బ్రిటనులో వాళ్ళ వ్యాపారం మూతపడింది. అయినా ఆ ఏడు ఎవర్టన్ అంగీ మీద పేరు అలాగే ఉండింది. అక్కడ అమ్మని సరుకు పేరు అక్కడి అంగీ మీద ఎందుకయ్యా అంటే, ఆ ఆట టీవీలో ప్రపంచమంతా చూస్తుంది గనుక. అంటే మా డ్రిల్లు పీరియడు పిల్లలే గిరాకీ అన్నమాట.

మరి విశ్వాసం ఉన్న ఆటగాడు ఏంచేస్తాడు? న్యూకాసిల్ క్లబ్బులో సెనెగల్ దేశపు పాపిస్ సిస్సే అని ముస్లిం ఆటగాడుండేవాడు. ఆ క్లబ్బు వోంగా అనే చేబదులు వడ్డీ కంపెనీ పేరు అంగీ మీద వేసుకున్నది. వాళ్ళ వడ్డీ ఏడాది లెక్కన 5,853 శాతం. తప్పు చదవలేదు, మళ్ళీ చెబుతున్నాము, 5,853. ఊరి కౌన్సిలు నాయకుడే మండిపడ్డాడు. 2013 జులైలో సిస్సే ఆ అంగీ వేయనన్నాడు. ఖాళీ అంగీ ఇవ్వండి, లేదా ఏదైనా ధర్మసంస్థ పేరుతో ఇవ్వండి అన్నాడు. పత్రికలు అతన్ని పట్టుకున్నాయి: అంతకు ముందు ఏడు బ్యాంకు పేరున్న అంగీ వేశావు గదా అని. నెలాఖరుకు అతను ఒప్పుకున్నాడు. మేము అతన్ని తప్పుపట్టము. కమిటీ సంతకం పెట్టిన కాగితాన్ని ఒక్క కుర్రవాడు చించలేడు. అతని వెనుక నిలబడవలసినవాళ్ళు ఒప్పందం రోజున గదిలో లేరు. ఆ వోంగా కంపెనీ 2018లో దివాలా తీసింది.

స్పెయిన్ లో సెవిల్లా క్లబ్బుకు ఆడిన కనూటే కూడా 2006లో జూదం కంపెనీ పేరు వేసుకోవడానికి నిరాకరించాడు. మరుసటి ఏడు ఆ నగరంలో ముసల్మానులు నమాజు చదివే భవనం అమ్మకానికి వస్తే 5 లక్షల యూరోలకు పైగా సొంత సంపాదన పెట్టి కొని ఇచ్చాడు. మన పిల్లలకు ఇతని పేరు చెప్పండి.

వ్యాపారస్తులు మాత్రం అభిమానుల విశ్వాసాన్ని మనకంటే బాగా లెక్కగట్టారు. స్కాట్లండులో సెల్టిక్ కాథలిక్కుల క్లబ్బు, రేంజర్స్ ప్రొటెస్టెంట్ల క్లబ్బు అని పేరు. 1984లో సి.ఆర్. స్మిత్ అనే కిటికీల కంపెనీ ఇద్దరికీ ఒకేసారి స్పాన్సరు చేసింది. ఒకరికే ఇస్తే రెండోవాళ్ళు తమ కిటికీలు కొనరని భయం. తర్వాత బీరు కంపెనీలు కూడా అదే దారి పట్టాయి. రెండు మతశాఖల వారూ ఒకే బీరు పేరు గుండెల మీద పెట్టుకొని ఒకరినొకరు తిట్టుకున్నారన్నమాట.

కొంచెం మంచి కబురు కూడా ఉన్నది. ప్రీమియర్ లీగ్ క్లబ్బులన్నీ కలిసి, 2025-26 సీజను ముగిసేసరికి అంగీ ముందుభాగం నుంచి జూదం పేర్లు తీసేయాలని 2023 ఏప్రిల్ లో తీర్మానించాయి. చేతి మీద ఉండవచ్చునట, ఆ సందు వదిలారు. అయినా ఒక్కో క్లబ్బు విడిగా మానలేని పనిని అందరూ కూర్చొని, ముందే తేదీ పెట్టుకుంటే చేయగలిగారు.

ఎవర్టన్ కొత్త స్టేడియం పూర్తయింది. 52,769 కుర్చీలు. 2025 మేలో హిల్ డికిన్సన్ అనే వకీళ్ళ సంస్థ పేరు దానికి పెట్టారు, ఎవరికీ పెద్ద అభ్యంతరం లేని పేరు. గుడిసన్ లో మగవాళ్ళ జట్టు చివరి ఆటకు రెండు గోల్సూ వేసినవాడూ, 2025 ఆగస్టులో కొత్త మైదానంలో పోటీ ఆటల్లో మొట్టమొదటి గోలు వేసినవాడూ ఒక్కడే, సెనెగల్ దేశపు ఇలిమాన్ ఎన్ డియాయ్. రెండు ఆటల్లోనూ రొమ్ము మీద ఆ జూదం పేరే.

ఇప్పుడు మన హాస్టలు. హలాలా, హరామా అన్న తీర్పు ఉలమాలు చెప్పాలి, లెక్కల పంతులు చెప్పకూడదు. డబ్బుకు మతమేమిటి మాస్టారూ అని మిత్రులు అంటున్నారు, ఆ మాటలో నిజం లేదనము. బీద పిల్లలకు కప్పు కావాలి, చందాలు ఆలస్యమవుతాయి. కానీ లెక్క ఇది: ఆ హాలు లేకుండా చూస్తే, కింద నాలుగు గదులు, వంటిల్లు, వజూఖానా మన సొంత చందాతో లేస్తాయి. బాక్స్ టర్ డాక్టరు లాగా వడ్డీ లేకుండా, మూడేళ్ళలో తిరిగి తీసుకునే షరతు మీద ఇవ్వగలిగినవాళ్ళు ఈ పందిట్లోనే కనీసం పదిమంది కూర్చున్నారు. వాళ్ళ ముఖాలు మాకు కనిపిస్తున్నాయి. పేర్లు చెప్పి ఇబ్బంది పెట్టము. హాలు రెండో ఏట కట్టుకోవచ్చు.

పునాదిరాయి వేయకముందే, ఏయే వ్యాపారాల పేర్లు మన గోడ మీదా, మన సావనీరు అట్ట మీదా రాకూడదో మినిట్సు పుస్తకంలో ఎక్కించి అందరూ సంతకం పెట్టాలని ప్రతిపాదిస్తున్నాము. సావనీరు వెనుక అట్ట ప్రకటన పోతే అచ్చు ఖర్చు ఎలా అని కోశాధికారిగారు మా వంక చూస్తున్నారు. ఆ పేజీ ఖర్చు ఈ ఏడు మేమూ, మా బడిలోని తోటి ఉపాధ్యాయులు నలుగురూ పంచుకుంటాము. అధ్యక్షులవారు దీన్ని చర్చకు పెట్టాలి. బలపరచేవారు లేచి నిలబడితే మేము కూర్చుంటాము.