పాడిపశువుల మేత: ఒక ఆచార్యుని జీవితమునుండి రైతులు గ్రహింపదగిన పాఠము

(రైతుల సభలో చదివిన ఉపన్యాసము)



పశువులను మేపుట మీకు క్రొత్తగా నేర్పవలసిన పని కాదు. తాతతండ్రులనాటినుండి మీ యిండ్లలో పాడి యున్నది. చూలావు పొదుగును చూచి అది యెన్ని దినములలో ఈనునో చెప్పగలవారు మీలో అనేకులు. అట్టి మీ యెదుట మేతను గూర్చి మాటలాడుటకు నాకు ధైర్యము కలిగించినది ఒక ఆచార్యుని చరిత్రము. ఆయన రసాయనశాస్త్రమున పండితుడు. పాలను, పశువుల మేతను పరీక్షించుటలోను, ఆ విద్యను బోధించుటలోను తన జీవితమును గడపెను. అయినను మేత యొక్క మంచిచెడ్డలు తేల్చుటకు కాగితము మీది లెక్క యొక్కటియే చాలదనియు, ఆవును, దాని దూడను చూచియే తీర్పు చెప్పవలయుననియు ఆయన పరిశ్రమ వలన లోకమునకు తెలియవచ్చెను.

ఆయన పేరు స్టీఫెన్ మోల్టన్ బాబ్‌కాక్. 1843వ సంవత్సరమున అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున జన్మించెను. జర్మనీ దేశమునకు పోయి గొట్టింగెన్ విశ్వవిద్యాలయమున చదివి 1879లో డాక్టరు పట్టము పొందెను. 1882లో స్వరాష్ట్రమునందలి జెనీవా వ్యవసాయ పరిశోధనాలయమున రసాయన పరీక్షకుడుగా చేరెను. ఆవు తిన్న మేతలో మాంసకృత్తులెన్ని, పిండిపదార్థములెన్ని, క్రొవ్వెంత అని లెక్కించుట, పేడలో పోయినది తీసివేసి ఒంటికి పట్టినదెంతయో తేల్చుట ఆ కాలపు పద్ధతి. ఈ అంకెలు రెండు మేతలలో సమానమైనచో ఆ రెండు మేతలును సమానమే యని పండితులు నమ్ముచుండిరి. బాబ్‌కాక్‌నకు ఈ నమ్మకము రుచింపలేదు. ఈ లెక్క ప్రకారము చూచినచో రాక్షసిబొగ్గు కూడ పందులకు మంచి మేతయే కావలయునని ఆయన పరిహాసమాడెనని చెప్పుదురు.

పిమ్మట ఆయన విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున వ్యవసాయ రసాయనాచార్యుడయ్యెను. అచ్చట 1890లో పాలలోని వెన్నను కొలుచు సులభమైన పరీక్షను కనిపెట్టెను. కొలతగీతలుగల సీసాలో పాలును, గంధకికామ్లమును కలిపినచో వెన్నతప్ప తక్కినదంతయు కరగును. సీసాను యంత్రముపై వేగముగా త్రిప్పి వేడినీరు పోసినచో వెన్న సీసా మెడలోనికి తేలును. గీత చూచి ఎంత యున్నదో చదువవచ్చును. అంతకు పూర్వము పాల కేంద్రములలో తూకమును బట్టి సొమ్ము ఇచ్చుచుండుటచే, నీరు కలిపినవానికి లాభమును, చిక్కని పాలు పోసినవానికి నష్టమును కలుగుచుండెను. ఈ పరీక్షతో ఆ అన్యాయము చాలవరకు తొలగెను. దీనికి పేటెంటు తీసికొన్నచో ఆయన ధనవంతుడై యుండును. కాని తీసికొనక, అందరును ఉచితముగా వాడుకొనుటకు ప్రకటించెను. మన దేశమునందును పాల కేంద్రములలో వెన్నశాతమును బట్టి ధర కట్టుట కలదని ఎరుగుడు.

ఇంత కీర్తి వచ్చినను మేతను గూర్చిన పాతసందేహము ఆయనను విడువలేదు. ఒకే ధాన్యముతోను, దాని చొప్పతోను ఆవులను పెంచి చూడవలయునని కోరెను. విలువగల ఆవులను పాడుచేయుటకు పశుశాలాధికారులు ఇష్టపడరైరి. తుదకు రెండావులకు మాత్రమే అనుమతి దొరకెను. వానిలో నొకటి చచ్చుటతో ఆ పరీక్షను నిలిపివేసిరి. ఆయన ఓపిక పట్టెను. కడపట 1907లో హార్ట్, హంఫ్రీ, మెకాలం, స్టీన్‌బాక్ అను శాస్త్రజ్ఞులు ఆ పనిని పూనుకొనిరి.

పదునారు పెయ్యలను ఎంచి నాలుగేసి చొప్పున నాలుగు జట్లు చేసిరి. మొదటిజట్టునకు మొక్కజొన్న గింజలు, మొక్కజొన్న చొప్ప; రెండవదానికి గోధుమలు, గోధుమగడ్డి; మూడవదానికి ఓట్సు ధాన్యము, దాని గడ్డి; నాలుగవదానికి ఈ మూటి మిశ్రమము. నాలుగు మేతలలోను మాంసకృత్తులు, శక్తి మున్నగునవి సమానముగా నుండునట్లు తూచి కలిపిరి. కాగితము మీద చూచినచో నాలుగింటికిని భేదము లేదు.

పశువులు మాత్రము వేరుతీర్పు చెప్పెను. మొక్కజొన్న తిన్నవి నున్నని వెండ్రుకలతో, నిండైన కడుపుతో పెరిగి, నెలలు నిండి బలిష్ఠమైన దూడలను ఈనెను. గోధుమ తిన్నవి చిక్కి, వెండ్రుకలు గరుకెక్కి, కండ్లు కనబడనివయ్యెను. వాని దూడలు నెలలు నిండకయే పుట్టి, చచ్చి పుట్టుటయో, పుట్టి చచ్చుటయో సంభవించెను. పాలు పిదుకగా అవియే మిక్కిలి తక్కువగా నిచ్చెను. తక్కిన రెండుజట్లును మధ్యస్థముగా నుండెను. ఈ ఫలితములు 1911లో ప్రకటింపబడెను.

కారణమేమి? దానిని వెదకుటకు మెకాలం ఎలుకలను పెంచి పరీక్షింపసాగెను. 1913లో ఆయనయు, మార్గరీట్ డేవిస్ అను స్త్రీయు వెన్నలో నున్న ఒక సూక్ష్మపదార్థము లేనిదే ఎలుకలు పెరుగవని కనుగొనిరి. దానికే పిమ్మట విటమిను ఏ అను పేరు వచ్చెను. పసుపువర్ణముగల మొక్కజొన్నకును ఈ శక్తికిని సంబంధము కలదని స్టీన్‌బాక్ చూపెను. ఆకుపచ్చని మేతలోను, పసుపు గింజలలోను ఉండు కెరోటిను అను రంగుపదార్థము శరీరమున విటమిను ఏ గా మారునని 1930లో ఇంగ్లండున మూర్ అను శాస్త్రజ్ఞుడు నిరూపించెను. గోధుమజట్టునకు కొరవడినవానిలో ముఖ్యమైనది ఇదియే. దానితోడ సున్నపుపాలును కొరవడెను.

ఈ పరదేశపు కథ మనకేల యని అడుగుదురేమో. వానకాలమున పచ్చిక మేసిన ఆవు నెయ్యి పసుపువన్నెతో నుండును. వేసవిలో ఎండుమేత తిన్న ఆవు నెయ్యి వెలవెలబోవును. ఇది మీ యిండ్లలోని స్త్రీలు ఎరిగిన సంగతియే. ఆ పసుపువన్నె యే నేను చెప్పిన కెరోటిను. వరిగడ్డిలో ఇది లేదనదగినంత అల్పము. ఎండలో నెలలతరబడి వాములో నుండిన చొప్పలోను మిగులునది స్వల్పమే. పచ్చిమేత దొరకునంతకాలము ఆవు తన కాలేయమున విటమినును నిలువచేసికొని, మేత ఎండిన పిమ్మట కొన్ని నెలలు దానితో గడపును. కావున లోటు వెంటనే కనబడదు. వేసవి ముదిరిన పిమ్మట చూలావు ఈచుకొని పోవును; దూడ గ్రుడ్డిదై పుట్టును; సంజవేళ పశువు దారి తప్పి గుంజకు కొట్టుకొనును. గాలి సోకినదనియు, దిష్టి తగిలినదనియు మనము అనుకొందుము. ఈచుకొని పోవుటకు అంటురోగములును కారణములు కావచ్చును గనుక పశువైద్యునికి చూపుట తప్పనిసరి. అయినను మేతను గూర్చి మొదట అడుగుట మరువకుడు.

ఇంకొక మాట. గర్భమున నున్న దూడకు తల్లినుండి ఈ విటమిను చేరునది బహుస్వల్పము. దానికి లభించు మొదటి నిధి ముఱ్ఱుపాలే. రోగములను అడ్డు బలమును దానినుండియే కలుగును. ముఱ్ఱుపాలతో జున్ను వండుకొనుట మనకు ప్రీతికరమైన ఆచారము. దూడ పుట్టిన గంట రెండుగంటలలో కడుపునిండ త్రాగిన పిమ్మట మిగిలినదానితో జున్ను చేసికొనుడు. దూడ నోటినుండి తీసి చేసికొనకుడు.

చేయవలసిన పనులు కొద్దివి.

పాడియావునకు, చూలావునకు వరిగడ్డి ఎంత పెట్టినను దినమునకు 4, 5 కిలోగ్రాముల పచ్చిమేత తప్పక చేర్చుడు. వరి కోసిన మాగాణిలో పిల్లిపెసరగాని జనుముగాని చల్లుడు. బావిక్రింద కొంచెము చోటున పచ్చిజొన్న, మొక్కజొన్న, లూసర్న్ వేయుడు. గట్లపై అవిశచెట్లు నాటినచో వేసవిలోను ఆకు దొరకును. లేతజొన్నను, వానలేక వాడిన జొన్నను మేపరాదు. అందు విషము కలదు. పూత వచ్చిన పిమ్మట కోయుడు. వానకాలమున మిగిలిన పచ్చిమేతను ముక్కలుగా నరికి, గాలి చొరకుండ త్రొక్కి పాతర వేసినచో వేసవికి నిలుచును. తవుడు, ఉలవలు, తెలగపిండి, వేరుసెనగపిండి మంచివే. అవి పాలకు బలమిచ్చును గాని పచ్చియాకు చేయు పనిని చేయలేవు.

పైరు పండు భూమిని పశువులకు విడిచిన నష్టము గదా యని కొందరందురు. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. కాని చచ్చిపుట్టిన పెయ్య వెల, ఒక యీతకు పోయిన పాల వెల, మరల కట్టుటకు పట్టిన కాలము లెక్కలో వేసికొనుడు. పది సెంట్లలోని పచ్చిమేత ఆ నష్టమును ఆపగలిగినచో ఆ పది సెంట్లు పాడైనట్లు కాదు.

బాబ్‌కాక్ ఆచార్యుడు 1913లో ఉద్యోగమునుండి విరమించి 1931లో పరమపదించెను. పదునారు పెయ్యలు చెప్పిన సాక్ష్యమును విని లోకము మేతశాస్త్రమును తిరిగి వ్రాసికొనెను. మీరును మీ కొట్టమున ఆ పరీక్షను హాని లేకుండ చేయవచ్చును. ఈ వేసవిలో చూలుపశువులన్నిటికిని దినమున కొక మోపు పచ్చిమేత వేసి చూడుడు. వాని వెండ్రుకను, కంటిని, పుట్టిన దూడను పోయిన యేటి వానితో పోల్చుడు. నా మాటను నమ్మవలదు; మీ ఆవు చెప్పినదానిని నమ్ముడు.