మన చర్మం మీద పడే వెలుగు



కర్నూలు వైద్య కళాశాల 1956లో మొదలైంది. ఇక్కడ పట్టా పుచ్చుకున్న యువ వైద్యులారా, మీలో కొందరు రేపు హంద్రీ ఒడ్డున కోడుమూరులోనో, అలాంటి మరో ఊళ్ళోనో ఓపీలో కూర్చుంటారు. చేను పని చేసే మనిషి ఒకాయన వచ్చి, చొక్కా విప్పి, వీపు మీద తెల్లబారిన మచ్చ చూపిస్తాడు. "శోభి మచ్చా సామీ, బొల్లా?" అంటాడు. అడగాలనుకున్నది పెద్దరోగం, అంటే కుష్టు సంగతే. ఆ మాట మాత్రం నోట రాదు.

ఆ మచ్చను కోయకుండానే చాలా మటుకు పరీక్షించవచ్చు. చేతిలో ఇమిడే డెర్మోస్కోపు చర్మాన్ని పది రెట్లు పెద్దది చేసి చూపుతుంది. పోలరైజ్డ్ వెలుగు వాడితే పైపొర మెరుపు తగ్గి, కింది రంగు అల్లిక, సన్నని రక్తనాళాలు బయటపడతాయి. చీకటి గదిలో వుడ్స్ ల్యాంపు కింద బొల్లి మచ్చ నీలితెలుపుగా వెలుగుతుంది. కుష్టు మచ్చలో రంగు తగ్గుతుంది గానీ, బొల్లిలో లాగా పూర్తిగా పోదు.

అయితే వెలుగు చర్మానికి రంగిచ్చే మెలనిన్‌ను దాటి పోవాలి, దాటి రావాలి. కోవిడ్ రోజుల్లో మనమంతా నమ్ముకున్న పల్స్ ఆక్సిమీటరే చూడండి. అది కూడా చర్మం గుండా వెలుగు పంపే పరికరమే. వేలికి పెడితే 92 నుంచి 96 దాకా చూపిన రోగుల్లో, రక్తంలో ఆక్సిజన్ నిజంగా 88 శాతం కన్నా తక్కువున్నవారు నల్లజాతివారిలో 11.7 శాతం, తెల్లవారిలో 3.6 శాతం. 2020 డిసెంబరులో అమెరికాలో వెలువడిన అధ్యయనంలో తేలిన లెక్క ఇది. కంటి చూపుకూ ఇదే చిక్కు: పుస్తకంలో గులాబీ రంగని రాసిన వాపు మన ఒంటిమీద ఊదాగానో ముదురు గోధుమగానో ఉంటుంది. ఆ పుస్తకం బొమ్మనే వెతుక్కుంటూ కూర్చుంటే రోగం చేయి జారిపోతుంది.

అదే మెలనిన్ మరోచోట మనకు తోడు. 1995లో బోస్టన్‌లో మిలింద్ రాజాధ్యక్ష, ఆయన సహచరులు కాన్‌ఫోకల్ మైక్రోస్కోపుతో, ప్రాణమున్న మనిషి చర్మాన్ని కోయకుండా కణకణంగా చూపించారు. మెలనిన్ కాంతిని బలంగా వెనక్కి చిమ్ముతుంది. అందుకే ఆ చిత్రంలో అన్నిటికన్నా ప్రకాశంగా కనిపించేది అదే. నల్లని ఒళ్ళు అడ్డంకి అని ఎవరైనా అంటే వాళ్ళకు ఈ సంగతి చెప్పండి.

అయినా ఆ వెలుగు పావు మిల్లీమీటరు దాటి లోతుకు పోలేదు. కుష్టు నరాలను పట్టేది అంతకన్నా లోపల. 2005 డిసెంబరు నాటికి కుష్టు నిర్మూలన లక్ష్యాన్ని చేరినట్టు దేశం ప్రకటించుకుంది. ఆ తర్వాత కూడా ఏటా లక్ష అటూ ఇటూ కొత్త రోగులు తేలుతూనే ఉన్నారు. అందుకే దూదిపోగుతో మచ్చ మీద స్పర్శ చూడండి. మోచేతి దగ్గర నరం లావెక్కిందేమో వేళ్ళతో తడిమి చూడండి. అనుమానం తీరకపోతే ముక్క తీసి పరీక్షకు పంపండి.

నేను మిమ్మల్ని కోరేది ఒకటే. రోగి అనుమతి తీసుకొని, ముఖం రాకుండా, మచ్చ పక్కన కొలబద్ద పెట్టి, ఒకే వెలుగులో ఫొటో తీయండి. మందుకు ముందొకటి, తర్వాతొకటి. కోడుమూరు ఒళ్ళు ఎట్లా ఉంటుందో తర్వాత వచ్చే వైద్యులు వాటిని చూసే నేర్చుకోవాలి.