ముందు మెడ చూడాలి



చదువుకునే రోజుల్లో నన్ను బద్ధకస్తుడని ఎవరూ అనలేదు. నలభై ఏడో ఏట నన్ను నేనే అనుకున్నాను. హైదరాబాదులో ఉద్యోగం. రెండేళ్లు రాత్రీ పగలూ లేకుండా పనిచేశాక, ఒకరోజు కంప్యూటరు తెరిచి గంటసేపు ఊరికే చూస్తూ కూర్చున్నాను. ఆదివారమంతా పడుకున్నా సోమవారానికి అదే నీరసం. ఇష్టమైన పనే విసుగనిపించేది. ఇంట్లోవాళ్లు పలకరిస్తే కసురుకునేవాణ్ణి. ‘ఒళ్లు బరువెక్కింది’ అని నన్ను నేను తిట్టుకుని, మరో రెండు గంటలు కూర్చునేవాణ్ణి. పని మాత్రం తెమిలేది కాదు.

సంక్రాంతికి చీడికాడ వస్తే నాన్న నా ముఖం చూసి, “ఏటిరా, అలాగున్నావు?” అన్నారు. అంతా చెప్పాను. “దుక్కిలో ఎద్దు నిలబడిపోతే ముందు ముల్లుకర్ర తియ్యకూడదురా. మెడ చూడాలి. కాడి కింద పుండుంటే ఎద్దుదేటి తప్పు?” అన్నారు.

తిరిగి వెళ్లాక డాక్టరును కలిశాను. రక్తహీనత, థైరాయిడ్, డిప్రెషన్ కూడా ఇలాగే కనిపిస్తాయని ముందు అవన్నీ చూశారు. చివరికి ‘బర్నవుట్’ అన్నారు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని రోగంగా కాక, ఎడతెగని పని ఒత్తిడిని సర్దుకోలేకపోవడం వల్ల వచ్చే స్థితిగా వివరించింది. గుర్తులు మూడు: సత్తువ హరించుకుపోవడం, పని మీద విరక్తి, చేసే పనిలో పస తగ్గడం.

బద్ధకస్తుడికి పని తప్పితే హాయి. ఇలా అలిసినవాడికి ఖాళీగా కూర్చున్నా హాయి ఉండదు, లోపల తప్పు చేస్తున్నానన్న బాధే. నిన్నటిదాకా ముందుండి చేసినవాడు ఇవాళ ఆగిపోయాడంటే కారణం వెతకాలి. నాకు సెలవొక్కటే చాలలేదు. పైవాళ్లతో మాట్లాడి ఒక బాధ్యత వదులుకున్నాను. రాత్రిళ్లు ఆఫీసు ఫోను ఎత్తడం మానేశాను. కోలుకోవడానికి ఆరు నెలలు పట్టింది.

ఒక తప్పు కూడా ఇక్కడ ఒప్పుకోవాలి. అంతకు ముందు ఏడాది నా కింద పనిచేసే కుర్రాణ్ణి అందరి ముందూ ‘సోమరి’ అన్నాను. అతను ఉద్యోగం మానేశాడు. నాకు తెలిసొచ్చాక ఫోను చేసి క్షమించమన్నాను. “సార్, ఆరోజు ఏమైందని ఒక్కమాట అడిగుంటే చాలు” అన్నాడు.

మనలో తల్లిదండ్రులున్నారు, ఉపాధ్యాయులున్నారు, నలుగురి చేత పనిచేయించేవాళ్లున్నారు. ఆ ఒక్కమాట అడగండి. మీకే ఇలా ఉంటే దాచుకోకండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు.